పచ్చి సున్నం

నేపుల్స్‌లో మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలన్నీ మూసుకుంటాయి. ఆ వేళప్పుడు వీధుల్లో తిరిగేది కుక్కలూ, చచ్చినవాళ్లూ మాత్రమేనని ముసలమ్మలు భయపెడతారు. చిత్రకారుడు ఒనోఫ్రియో నవ్వేసేవాడు. అందరూ కునుకు తీసే ఆ ఎండవేళ పరంజా ఎక్కితే పనికి అడ్డొచ్చేవాడే ఉండడని అతని లెక్క.

డ్యూక్ గారి కొలువుకూటం పైకప్పు లోపలివైపు బొమ్మ దాదాపు పూర్తయింది. సింహం పక్కన గద్దె మీద ‘అధికారం’ అనే దొరసాని. ఆవిడకి ఒక చేత రాజదండం, ఇంకో చేత తాళంచెవులు. పాదం కింద నలుగుతున్నది ‘తిరుగుబాటు’. పాముల జుట్టు, తెరిచిన నోరు. ఆ మొహం మాత్రం సాబాటోది. రొట్టె మీద పన్ను వద్దని జనాన్ని కూడగట్టినందుకు ఈ వేసవిలోనే ఉరి తీసిన రొట్టెలవాడు. ఒనోఫ్రియోతో ఒకే సందులో పెరిగినవాడు. ఆ మొహమే కావాలని డ్యూక్ అడిగాడు, ఇతను వేశాడు. పీక మీద ఎవరూ కత్తి పెట్టలేదు.

వేసిన రోజే, సోమవారం, సాబాటో పెళ్లాం కార్మోసీనా వచ్చింది. అదే మేడలో గిన్నెలు తోముతుంది.

"అన్నయ్యా, మా ఆయన్ని ఆ కాలి కింద వేశావట. మొహం మార్చెయ్యవా? ఆదివారం కూటం తలుపులు తెరిస్తే ఊరంతా చూస్తుంది. పిల్లలూ వస్తారు."

"ఇది పచ్చి సున్నం మీద వేసే రంగు, తల్లీ. ఆరిపోయింది. ఇక నా చేతుల్లో లేదు."

అబద్ధం. ఆ పూత అప్పటికింకా తడే. ఆరినా ఉలితో చెక్కేసి మళ్లీ వెయ్యొచ్చు. ఆ సంగతి ఆమెకేం తెలుసు? తలూపి వెళ్లిపోయింది. అతనికి ఆ పూట తిండి సయించలేదు.

గురువారం ఎండవేళ మళ్లీ పైకెక్కాడు. మేడంతా నిశ్శబ్దం. సున్నం వాసనలో... రొట్టె కాలుతున్న వాసన. సింహం ఆరింది. పాదం ఆరింది. సాబాటో చెంప మీద బొటనవేలు పెట్టాడు. మెత్తగా దిగింది. మూడు రోజుల నాటి పూత... చల్లగా, తడిగా.

చెవి పక్కనే గుసగుస.

"ఇంకా తడిగానే ఉందిరా, ఒనోఫ్రియో."

ఆ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు ఆటకి పిలిచిన గొంతే. భయం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. తాపీ అందుకున్నాడు. ఒక్క గీకు... ఒక్కటి చాలు...

కింద తలుపు తెరుచుకుంది. డ్యూక్ బూట్ల చప్పుడు.

"ఏమయ్యా, ఇంకేమైనా మార్చేది ఉందా?"

తాపీ వెనక్కి దాచేశాడు. రెండో చెయ్యి ఇంకా ఆ చెంప మీదే ఉంది.

"లేదు ప్రభూ. ఆరిపోయింది."

వేలి కింద సున్నం ఆ క్షణమే రాయిలా బిగిసింది. సాబాటో చెంప మీద అతని బొటనవేలి గుంట మిగిలింది.

ఆదివారం ఊరంతా తలెత్తి చూసింది. ఒనోఫ్రియో తల దించుకునే ఉన్నాడు. జనం పలచబడ్డాక కార్మోసీనా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తిట్టలేదు.

"నిజమే అన్నయ్యా, ఆరిపోయింది. నీ చెంపకేదో అంటింది, ఉండు."

బొటనవేలితో తుడవబోయింది. వేలు గోరు దాకా అతని చెంపలోకి దిగింది. అతనికి నొప్పి తెలియలేదు.

ఆమె వేలి కొసనున్న తెల్లటి సున్నపు తడిని చూసుకుంది.

"ఇది మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది," అంది మెల్లగా.