మాటలందించే పిల్ల

రొంపిచెర్ల రోడ్డులో మూతపడ్డ పత్తి మిల్లు షెడ్డు ఒకటుంది. పొద్దుగూకితే అటు ఎవరూ పోరు. లోపల ఎవరో గుసగుసగా నాటకం చెబుతుంటారని... విన్నవాళ్లు చానామందే.

ఎనభై మూడులో బడిపిల్లల నాటకం రిహార్సల్సు అక్కడే జరిగాయి. తెర పక్కన నోటుబుక్కుతో కూర్చుని, మర్చిపోయినవాళ్లకి మాటలందించేది అలివేలు. "ఇంటికి పోనా సార్?" అని ఓ రాత్రి మూడుసార్లు అడిగిందట. నాటకం నేర్పే గోపాలకృష్ణయ్య మాస్టారు కదలనివ్వలేదు. తర్వాత చీకట్లో ఒక్కతే పోతుంటే లారీ గుద్ది చచ్చిపోయింది.

మరుసటేడు మళ్లీ అదే షెడ్డు. అదే మాస్టారు. అలివేలు చోట్లో షహనాజ్.

తల్లి జైనాబ్ బీ పిల్లని తీసుకుపోవడానికొచ్చింది. ఏడున్నరయింది.

"సారూ, చీకటి పడింది. పిల్లని పంపండి."

"ఏందమ్మా నీ గోల! నువ్వొచ్చి అందిస్తావా మాటలు?"

పిల్లలు నవ్వారు. మాస్టారు వాళ్ల మీద పడ్డాడు. "ఒరేయ్ మరియదాసూ, నీది రాజు వేషంరా! రేషను కొట్టు ముందు నిలబడ్డట్టు నిలబడ్డావేంది?"

కరెంటు పోయింది.

జైనాబ్ బీ చేతిలో టార్చి ఉన్నా వెయ్యలేదు. తడుముకుంటూ పోయి, కూతురి చెయ్యి దొరకబుచ్చుకుని, పక్క తలుపులోంచి బయటికి లాక్కొచ్చింది. అదే అదనుగా మిగతా పిల్లలూ జారుకున్నారు.

లోపల మాస్టారు అరుస్తూనే ఉన్నాడు. "ఆపొద్దు! చీకటైతే ఏం? అందించు!"

అందిస్తోంది... ఒక గొంతు. మెల్లగా, తడబడకుండా.

షహనాజ్ నోటుబుక్కు తల్లి చేతికి ఆనించింది. "అమ్మీ... బుక్కు నా చేతిలోనే ఉంది."

లోపల మాటలు ఆగాయి.

"ఇంటికి పోనా సార్?"

"నాటకం అయ్యేదాకా కదలడానికి లేదు!"

"సరే సార్..."

తర్వాత చప్పుడు లేదు. మాస్టారుని కేకేద్దామని జైనాబ్ బీ నోరు తెరిచింది... మూసుకుంది. కూతురి చెయ్యి వదలకుండా గబగబా నడిచింది.

రాత్రంతా కంటిమీద కునుకు లేదు. తెల్లవారుజామున, వెలుగు రాకముందే, నలుగుర్ని వెంటబెట్టుకుని పోయింది.

టార్చి వేస్తే, మాస్టారు తెర పక్కన, అలివేలు చోట్లో, ముడుచుకుని కూర్చునున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరు పిలిచినా పలకలేదు. జైనాబ్ బీని చూసి మాత్రం పెదాలు కదిలాయి.

"ఇంటికి... పోనా?"

"పో సారూ," అంది జైనాబ్ బీ.

ఆయన లేవబోయాడు.

వెనక తెర కదిలింది —

"నాటకం అయ్యేదాకా కదలడానికి లేదు!"

ఆడపిల్ల గొంతు.