ఏడేళ్ల జిడ్డు

ఉదయం ఆరు నలభై.

షెడ్డులో పాత కారు. డ్రైవర్ సీట్లో పెద్దమేస్త్రి శవం. తల స్టీరింగ్ మీద వాలి ఉంది. బుగ్గలు మాత్రం బతికున్నవాడి కంటే ఎర్రగా ఉన్నాయి.

"ఇంజిన్ పొగే మేడం," అన్నాడు డాక్టర్. "కార్బన్ మోనాక్సైడ్. పోయి గంటన్నర దాటింది."

ఇన్‌స్పెక్టర్ చుట్టూ చూసింది. గోడవారన మడతమంచం. దాని పైన గోడకి ఫ్యాను కన్నం. నలిగిన దుప్పటి. బకెట్, బ్రష్. కారు బానెట్ మూసి ఉంది. దాని మీద ఒక స్పానర్.

చనిపోయినవాడి తమ్ముడు గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్నాడు. అందరూ చిన్నమేస్త్రి అంటారు.

"మొదట చూసింది మీరేనా?"

"నేనే మేడం. ఆరు పదికి. ఇంజిన్ గుర్రుమంటోంది. షెడ్డంతా పొగ. తాళం తిప్పి ఆపేశాను."

"ఆత్మహత్య అంటారా?"

"ఇంకేముంటుంది! మా వదిన ఈ కారులోనే పోయింది. బ్రేకులు పడక. ఏడేళ్లయింది. అప్పట్నుంచి ఇది దానంతటదే గుర్రుమంటుంది. తుక్కుకి తోలేద్దాం అన్నయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వింటేనా! ఆవిడే పిలిపించుకుంది."

"ఆ గుర్రు ఇంకెవరైనా విన్నారా?"

చిన్నమేస్త్రి మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు.

గోడకి ఆనుకుని పెద్దమేస్త్రి కూతురు నిలబడి ఉంది. కళ్లలో చుక్క నీరు లేదు.

"నేనే చంపాను మేడం."

"ఏమిటమ్మా?"

"నిన్న నాన్నతో గొడవ పడ్డాను. అమ్మని చంపింది నీ చేతగాని మరమ్మతేనన్నాను. ఆ కారులో నువ్వే పోవాల్సిందన్నాను. నాన్న తిరిగి ఒక్క మాట అనలేదు. బకెట్ పట్టుకుని ఇటొచ్చేశాడు. 'కడిగితే తెలుస్తుందమ్మా' అన్నాడంతే."

ఇన్‌స్పెక్టర్ ఆగింది. చావడానికి వచ్చినవాడికి బ్రష్ ఎందుకు?

"ఇంజిన్ ఎలా కడుగుతాడు మీ నాన్న?"

"చల్లారేదాకా ముట్టుకోడు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి గుడ్డ చుడతాడు. గాలి పీల్చే కార్బురేటర్ మూతికీ, కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కీ పాలిథీన్ సంచులు కడతాడు. తర్వాత బ్రష్షు. చెంబుతో కొంచెం కొంచెం నీళ్లు. పైపు పెట్టి కొడితే ముసలి బండికి నీళ్లు తాగించినట్టే అనేవాడు. ఆ రాత్రంతా ఆరనిస్తాడు. పక్కనే పడుకుంటాడు."

ఇన్‌స్పెక్టర్ బానెట్ మీద చెయ్యి వేసింది.

"వద్దు మేడం!" చిన్నమేస్త్రి అడ్డొచ్చాడు. "దాన్ని కదిలించకండి. మంచిది కాదు."

బానెట్ లేచింది.

ఇంజిన్ తళతళలాడుతోంది. కార్బురేటర్ మూతికి సంచి. డిస్ట్రిబ్యూటర్‌కి సంచి. బిగించిన ముళ్లు బిగించినట్టే ఉన్నాయి. నెగెటివ్ వైరుకి గుడ్డ చుట్టి ఉంది.

"కరెంటు లేదు. గాలి లేదు. ఈ ఇంజిన్ నిన్నట్నుంచి ఒక్క క్షణం కూడా తిరగలేదు." ఆమె వెనక్కి తిరిగింది. "మరి మీరు ఆపిందేమిటి, చిన్నమేస్త్రిగారూ?"

అతను పెదాలు తడుపుకున్నాడు.

"ఫ్యాను కన్నం చుట్టూ తాజా మసి ఉంది. బయట మీ వ్యాను టైరు గుర్తులు సరిగ్గా ఆ కన్నం దాకా వెనక్కొచ్చాయి. నిద్రపోతున్న మనిషి మీదకి మీ వ్యాను పొగ వదిలారు. తర్వాత సీట్లోకి లాగారు. రాత్రి తొమ్మిది నలభైకి ఆయన ఫోన్ నుంచి మీకు కాల్ వెళ్లింది. ఏమన్నాడు?"



ఇన్‌స్పెక్టర్ టార్చి వేసింది. ఏడేళ్ల జిడ్డు పోయిన చోట, బ్రేకు ఇనపపైపు మధ్యలో జానెడు రబ్బరు ట్యూబు. రెండు వైపులా ఇనపతీగ చుట్టారు. ఒక వైపు ఊడి వేలాడుతోంది.

"ఇది నాన్న పని కాదు," అంది కూతురు. "నాన్న బ్రేకుకి రబ్బరు ముక్క వెయ్యడు."

చిన్నమేస్త్రి కూలబడ్డాడు.

"అప్పుడు అన్నయ్య ఊళ్లో లేడమ్మా. పైపు కారుతోంది. కొత్తది దొరక్క ఆ ముక్క నేనే వేశాను. రెండు రోజుల్లో మార్చేద్దామనుకున్నా. మర్నాడే వదిన బండి తీసింది... నిన్న ఫోన్ చేసి, 'పొద్దున్నే వచ్చి అమ్మాయికి నువ్వే చెప్పు' అన్నాడు. నీ మొహం ఎలా చూడను?"

"అందుకే దెయ్యాన్ని పుట్టించావా బాబాయ్?"

జీపు అతన్ని తీసుకుపోయింది.

"నాన్న నా మాటకి చచ్చిపోలేదా మేడం?"

"నీ మాటకి కడిగాడమ్మా. నీకు చూపించాలనే."

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. చాలాసేపు.

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచింది. ఒక్క సందేహం మిగిలింది. "మీ బాబాయ్ స్పానర్ తెచ్చి బానెట్ మీదే వదిలేశాడు. బానెట్ తెరిచి ఆ రబ్బరు తీసెయ్యకుండా ఎందుకు ఆగాడు?"

"నేనొచ్చేశాను కదా. హారన్ విని."

"ఏ హారన్?"

"ఈ కారుదే. బొంగురు గొంతు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు. ఇంటికొస్తే అమ్మ అలాగే కొట్టేది. దానికే మెలకువొచ్చి పరిగెత్తుకొచ్చాను."

ఇన్‌స్పెక్టర్ సగం వాక్యం రాసింది.

గుడ్డ చుట్టిన బ్యాటరీ వైరు వైపు చూసింది.

రాసిన సగం కొట్టేసి, బానెట్ మెల్లగా దించింది.