ఫిల్టర్ కడిగిన రోజు

ఆ రోజు కూడా అత్త అఖిలాండం కాఫీ గ్లాసును గది బయట ముక్కాలిపీట మీద పెట్టి, తలుపు తట్టి వెళ్లిపోయింది. పంకజం తలుపు కొంచెంగా తెరిచి, గ్లాసు అందుకుని, వెంటనే మూసేసింది. తలుపు ఎక్కువసేపు తెరిస్తే దుమ్ము వస్తుందని భర్త నరసింహన్ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పి ఉన్నాడు.

తలుపు పైసగానికి అద్దం ఉంది. బడికి పోతూ కూతురు పుష్పం దానికి ముక్కు ఆనించి ఏదో చెప్పింది. కిటికీలో బిగించిన ఏసీ మిషన్ హోరులో ఒక్క మాటా వినపడలేదు. అయినా పంకజం నవ్వి తల ఊపింది. కాసేపటికి ముంగిట్లోంచి నరసింహన్ చెయ్యెత్తి, ఎట్లుందని సైగ చేశాడు. బాగుందని ఆమె సైగ చేసింది. అతను మిల్లుకు వెళ్లిపోయాడు.

రాజపాళయంలో వాళ్లది చిన్న పత్తి మిల్లు, ఇంటి వెనకవీధిలోనే. పంకజానికి ఆయాసం పట్టుకుని రెండేళ్లయింది. పత్తి దుమ్ముకు దూరంగా ఉంచమని మద్రాసు డాక్టరు చెప్పాడు. అప్పుడే నరసింహన్ ఊళ్లో ఎవరింట్లోనూ చూడని ఆ మిషన్ తెప్పించాడు. మొదట్లో వీధి ఆడవాళ్లు చూసిపోవడానికి వచ్చారు. తర్వాత వాళ్లనూ రావద్దన్నాడు.

మిషన్ బిగించినవాడు దాని ముందుమూత తీసి, సన్నని జాలీ చూపించి, అదే ఫిల్టరన్నాడు. వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి ఆరబెడితే చాలన్నాడు. నరసింహన్‌కు నమ్మకం కుదరలేదు. జాలీని ఎండకు ఎత్తి పట్టుకుని, "ఇన్ని కంతలు ఉంటే పంజు, ఈ పత్తి నుసి, ఆగునా?" అన్నాడు. సత్రపట్టి నుంచి గాయాలకు కట్టే గాజుగుడ్డ తెప్పించి జాలీకి చుట్టించాడు. అదీ చాలదనిపించి, మొన్న దాని మీద మందపాటి ఉన్నిగుడ్డ కుట్టించి పంపాడు. పుష్పం వచ్చి బిగించిపోయింది. అతను మాత్రం లోపలికి రాలేదు. మిషన్ వచ్చినప్పటినుంచీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. రాత్రి పడక కూడా బయట తిన్నె మీదే. జబ్బుమనిషినని విసుగు పుట్టిందేమో అనుకుని పంకజం అడగడం మానేసింది.

ఎండ ఎక్కేసరికి గాలి సన్నబడింది. పంకజం మిషన్ ముందు అరచెయ్యి పెట్టి చూసింది. హోరు ఉంది, గాలి లేదు. లోపల గొట్టాల మీద తెల్లగా మంచు కట్టి, నీళ్లు గోడమీదికి కారుతున్నాయి. గది ఉడికిపోతోంది. ఛాతీ బిగుసుకుంటోంది. "అత్తా!" అని పిలిచింది. వంటింట్లో ఉన్న అఖిలాండానికి వినపడలేదు. పంకజం తలుపు బార్లా తెరిచి, గోడ పట్టుకుని నడిచి, ముంగిట్లో వేపనీడన కూలబడింది.

అఖిలాండం పరుగున వచ్చి వీపు రాస్తూ మిల్లుకు కబురు పంపింది. నరసింహన్ ఆయాసపడుతూ వచ్చాడు. వీధిగుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"బయట ఎందుకు కూచున్నావు? లోపలికి పో!"

"పోను," అంది పంకజం. "ఆ గదిలో గాలి లేదు. మీరు కుట్టించిన గుడ్డే మూసేసింది."

"దుమ్ము రాకూడదనే దా చేసినాను!"

"దుమ్ము రాలేదు. మనుషులూ రాలేదు. నా బిడ్డ ఏం చెప్పిందో వినపడదు. కట్టుకున్నవారు ముంగిట్లోంచి చెయ్యి ఊపి పోతారు. నేనంటే అసహ్యమైతే చెప్పండి, సేత్తూరులో మా అన్న ఇంటికి పోతాను."

"అసహ్యమా?" నరసింహన్ రెండు చేతులూ ముందుకు చాచాడు. జుట్టులో, కనుబొమల మీద, చొక్కా మడతల్లో తెల్లటి పంజు. "చూడు. ఈ ఊరి దుమ్మంతా నా ఒంటి మీదే దా ఉండేది. నేను దగ్గరికి వస్తే నీకు ఊపిరి, మూచ్చు ఆడునా? ధనం నా ఒడిలోనే దా పోయింది, పంకజం. ఊపిరికి కొట్టుకుని కొట్టుకుని పోయింది. ఇంకోసారి చూడలేను."

ధనం అతని చెల్లెలు, వీళ్ల పెళ్లికి ముందే పోయింది. ఆమె పేరు అతని నోట పంకజం ఎన్నడూ వినలేదు. అఖిలాండం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది నాకు ముందే చెప్పకూడదా?" అంది పంకజం మెల్లగా. ఆ మాటతోపాటే కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీరు రాకపోతే ఏమేమో అనుకున్నానే."

ఆమె కాస్త తేరుకున్నాక అఖిలాండం కొడుకును బావి దగ్గరికి తోసింది. "తల మీద నీళ్లు పోసుకుని ఉతికిన పంచె కట్టుకో. దుమ్ము పోతుంది. దానికి ఇంత రాద్ధాంతమా?"

తడిజుట్టుతోనే నరసింహన్ గదిలోకి వచ్చాడు. మిషన్ ఆపి, మంచు కరిగేదాకా ఇద్దరూ కాచుకున్నారు. పంకజం ఉన్నిగుడ్డ పీకేసింది. గాజుగుడ్డ ఒక పొర ఉంచి మిషన్ వేసి, ముందు ఒక దారప్పోగు పట్టుకుంది. పోగు నీరసంగా కదిలింది. గుడ్డ కూడా తీసి, జాలీని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టి బిగించాక, పోగు ఎగిరి అతని మొహానికి తగిలింది.

"ఇది చాలు," అంది పంకజం. "మన ఊరికి వారం సరిపోదు. రెండురోజులకోసారి కడుగుదాము."

"నేను కడుగుతాను," అన్నాడు. "మిల్లులోనే స్నానం చేసి వస్తాను. రోజూ లోపలికి వచ్చేదా?"

పంకజం మంచం మీద జరిగి చోటిచ్చింది. అతను కొత్తింటికి వచ్చినవాడిలా అంచున కూర్చున్నాడు. నేల చూస్తూ, ధనం గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

"వినపడలేదు," అంది పంకజం. "మిషన్ శబ్దం."

అతను మిషన్ ఆపేద్దామని లేవబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది ఉండనీ. మీరు దగ్గరికి జరగండి."