ఒకటో ధార

అంగారకుడి మీద కొత్త కోరంగిలో ఎవరైనా పరిచయమైతే పేరుకన్నా ముందు అడిగే మాట, "మీది ఏ ధార?" అని. అడగడానికి మొహమాటపడేవాళ్ళు క్యాంటీన్‌లో ఎవరెక్కడ కూర్చున్నారో చూసుకుంటారు. కిటికీ పక్క బల్లలు ఒకటో ధారవాళ్ళవి.

ఈ వైభోగానికంతా కారణం డాక్టర్ కేదారి తయారుచేసిన 'ధారిణి' యంత్రం. మొదట నాలుగు దేశాలవాళ్ళు ఇక్కడికి వచ్చారు, మూడు తరాల్లో అందరూ కలిసిపోయారు. ఎవరి క్రోమోజోములు చూసినా ఒక ముక్క ఒక తాతది, పక్క ముక్క ఇంకో దేశపు అమ్మమ్మది. ఇక్కడి దుమ్ముతో వచ్చే ధూళిదగ్గుకు ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి ఊపిరి ఆపేస్తోంది. మామూలు లెక్క వేస్తే, తొట్టిచేపల కూర తినేవాళ్ళకే మందు పడటం లేదని తేలింది. పాపం, చేప ఏం చేసింది? ఆ వంటా, మందు పడనివ్వని జన్యువూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చాయి, అంతే. అందుకే ధారిణి ఏ ముక్క ఏ మూలానిదో ముందు విడదీసి, ఆ తర్వాత అసలు జన్యువును పట్టుకుంటుంది. మూలాలకు గుర్తుగా తనకు తోచిన అంకెలు వేస్తుంది. మళ్ళీ లెక్క వేస్తే అవి తారుమారు కావచ్చు. ఎవరిలో ఏ అంకె ముక్కలు ఎక్కువుంటే వాళ్ళది ఆ ధార అని జనమే తేల్చుకున్నారు. అంకెలకు అర్థం లేదని కేదారి ఎంత మొత్తుకున్నా ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇప్పుడు ఆమె తమ్ముడు వరదకే ధూళిదగ్గు పట్టుకుంది. పాత లెక్క కొద్దిమందితో వేసింది. దాన్ని నమ్మి మందిస్తే ప్రాణం పోవచ్చు. ఊరందరినీ కలిపి వేసే కొత్త లెక్కకు అతను ఒప్పుకోవాలి.

"వద్దక్కా," అన్నాడు వరద రొప్పుతూ. "ఇప్పుడు నేను ఒకటో ధార. కొత్తదాంట్లో నాలుగులో పడితే? పిల్లకి ఒకటో ధార సంబంధం కుదిరింది, చెడిపోదూ?"

"ఊపిరాడక చస్తావురా!"

"పోతే పరువుతో పోతాను."

కేదారికి ఒళ్ళు మండింది, అంతకు మించి భయం వేసింది. నేరుగా యంత్రం దగ్గరికి వెళ్ళింది.

"ధారిణీ, అంకెలు లేకుండా లెక్క వెయ్యగలవా?"

"ఏదో ఒక గుర్తుండాలి డాక్టర్. ఏదైనా నాకొకటే."

"అయితే పూలపేర్లు పెట్టు. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ పువ్వు మొహం చూడలేదు."

పూలకు ముందూ వెనకా ఏముంటుందిలే అని వరద ఒప్పుకున్నాడు. తనకు పడే మందేదో తేలింది. వారం తిరక్కుండా లేచి కూర్చుని, చాలాకాలానికి గుండెనిండా గాలి పీల్చాడు. కేదారికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"అక్కా," అన్నాడు వరద గొంతు తగ్గించి. "నాది సంపెంగ అన్నావు కదా. మా వియ్యంకుడిది ముద్దబంతిట. రెంట్లో ఏది గొప్ప?"