నాయనమ్మ ఫ్లాస్కులో సున్నం

"మళ్లీ చచ్చాయా?" ల్యాబ్ గుమ్మంలోనే ఆగి అడిగాడు హావ్ బిన్.

"చచ్చాయి. దారిలో నూడుల్స్ తింటూ కూర్చుని ఉంటావు," మైక్రోస్కోప్ మీంచి తలెత్తకుండానే అంది సూమెయ్.

చైనాలోని థైగు పట్నంలో, ఆ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఇద్దరూ ఒకే ఏడు పరిశోధనకు చేరారు. పొద్దున్నే కబేళాకు సైకిల్ మీద వెళ్లి, పందుల అండాశయాలను ఫ్లాస్కులో వెచ్చటి ఉప్పునీటిలో తేవడం అతని పని. వాటి కణాలను పెంచడం ఆమె పని. క్యాల్షియం ఎక్కువగా లోపలికి చొరబడితే ఆ కణాలు తమంతట తామే చనిపోతాయని ఆమె చూపించాలి. కానీ నెల రోజులుగా క్యాల్షియం కలపని డిష్‌లోనూ చచ్చిపోతున్నాయి. శుక్రవారంలోగా తేలకపోతే అంశం మార్చుకోమన్నారు ప్రొఫెసర్ గారు. రెండేళ్ల కష్టం గాలికి పోతుంది.

"ఎక్కడా ఆగలేదు, ఒట్టు!" అంటూ ఫ్లాస్కు బల్ల మీద పెట్టాడు. దాని మీద ఎర్రటి పెద్ద పువ్వులు.

"ఇది మన ల్యాబ్‌ది కాదే?"

"అది పోయిన నెల పగిలింది. నువ్వు తిడతావని మా నాయనమ్మది తెచ్చా. ముప్పై ఏళ్లుగా తాగే వేణ్నీళ్లు ఇందులోనే పోసి ఉంచుతోంది. గట్టిది."

సూమెయ్ మూత తీసి, అండాశయాలను గిన్నెలోకి వంపి, ఖాళీ ఫ్లాస్కులోకి తొంగి చూసింది. గోడలన్నీ తెల్లగా పొర కట్టి ఉన్నాయి.

"నూడుల్స్‌లోకని సంచిలో పెట్టుకు తిరుగుతావే, ఆ వెనిగర్ సీసా ఇటివ్వు."

"ఇప్పుడా? దేంట్లోకి నంజుకుంటావు?"

ఆమె వెనిగర్‌ను ఫ్లాస్కులో పోసింది. బుసబుసా నురగ పొంగింది.

"సున్నం! అంటే క్యాల్షియమే. దారి పొడవునా నా కణాలకు నువ్వే తినిపిస్తున్నావు."

అతని ముఖం వాడిపోయింది. "అయితే నేనేనా చంపింది?"

"నువ్వు కాదులే. మీ నాయనమ్మ."

ఇద్దరూ ఒక్కసారే నవ్వేశారు. సాయంత్రం దాకా ఆమె ఫ్లాస్కు కడుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే అతను అండాశయాలను అందులోనే తెచ్చాడు.

గురువారం మధ్యాహ్నం క్యాల్షియం కలపని డిష్‌లో కణాలు హాయిగా పరుచుకుని ఉన్నాయి. కలిపిన డిష్‌లో మాత్రం ముడుచుకుపోయాయి. చూడటానికి అతనూ వంగాడు. భుజాలు తగిలాయి. ఎవరూ జరగలేదు.

"కొత్త ఫ్లాస్కు కొన్నాను. నాయనమ్మది ఇచ్చేయాలి," అన్నాడు అతను. "ఇంత తళతళలాడేలా కడిగిన పిల్లెవరో చూపించమంటోంది. ఏం చెప్పను?"

సూమెయ్ చెవులు ఎర్రబడ్డాయి. ఫ్లాస్కును తన ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వేం చెప్పక్కర్లేదు. ఆదివారం నేనే తెచ్చిస్తా."