ఫైళ్ల గదిలో లెక్కపెట్టే గొంతు

గన్‌ఫౌండ్రీలో బ్యాంకు వెనక సందులో ఒక పాత మేడ ఉంది. కింద కళ్లద్దాల షాపు. రెండో అంతస్తులో, ఆసుపత్రుల మీద కేసులు వాదించే లాయరు జగన్మోహనరావుగారి ఆఫీసు. మూడో అంతస్తు మొత్తం ఆయన ఫైళ్ల గది. ఆ గదికే మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక అక్కడ ఎవరో అంకెలు లెక్కపెడతారట... ఆడగొంతు. కళ్లద్దాల షాపువాళ్లు విన్నారు. ఊడ్చే మనిషి విని, పొద్దున తప్ప రానని తెగేసి చెప్పింది. ఆ గదిలో ఉన్నవన్నీ ఆసుపత్రుల్లో పోయినవాళ్ల కాగితాలే మరి. వాచ్‌మన్ పోచయ్య ఏడు దాటితే ఎవరినీ ఆ మెట్లు ఎక్కనిచ్చేవాడు కాదు. గాడ ఒకామె ఉంటది, మనల్నేం అనది, మనం వోవద్దు గంతే, అనేవాడు.

తబిత ఆ మాటలకి నవ్వేది — ఆ గురువారం దాకా.

తబితది మెదక్. నాంపల్లి స్టేషను దగ్గర లేడీస్ హాస్టల్లో ఉంటూ వైద్య చట్టంలో ఎల్ఎల్ఎం చదువుతోంది. సాయంత్రాలు రావుగారి దగ్గర పార్ట్‌టైం రీసెర్చ్ అసిస్టెంటు. కేస్ షీట్లు చదవాలి, డాక్టర్ల గొలుసు రాత విప్పి తేదీలవారీగా టైపు చెయ్యాలి, పాత తీర్పులు వెతికిపెట్టాలి. మూడు నెలలుగా ఆ పనిలో పడి తిండి వేళ కూడా మర్చిపోతోంది. అందులోనూ లహరి కేసు.

లహరికి ఇరవై మూడేళ్లు. అపెండిక్స్ ఆపరేషనుకని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ రాత్రి మత్తు డాక్టరు ఐదు నిమిషాలకోసారి ఆమె నాడి రాసిన కాగితం ఒకటుంది. ఆసుపత్రివాళ్లు వినియోగదారుల కమిషన్‌కి ఇచ్చిన కాపీలో ఆఖరి అంకెలన్నీ చక్కగా ఉన్నాయి. అసలు కాగితంలో అలా లేవు. పెద్దాసుపత్రికి తరలించే హడావిడిలో అసలు ఫైలు పిల్లతో పాటే అంబులెన్సెక్కి, తల్లి కమలకుమారి చేతికొచ్చింది. కేసంతా ఆ ఒక్క కాగితం మీదే నిలబడి ఉంది. శుక్రవారం పొద్దున ఆఖరి వాయిదా.

గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి తబిత ఆఫీసులో కూర్చుని, సాయంత్రం పై గది నుంచి దించిన లహరి ఫైలు సర్దుతోంది. ఆ కాగితం లేదు.

బల్ల కింద చూసింది. జిరాక్స్ మిషను మూత ఎత్తి చూసింది. చెత్తబుట్ట నేల మీద బోర్లించింది. లేదు. రిజిస్టరులో ఆఖరి సంతకం తనదే. సోమవారం స్కాన్ చెయ్యడానికి తీసింది. తిరిగి పెట్టిందా? పెట్టినట్టే ఉంది... కానీ ఎంత తలుచుకున్నా, పెట్టిన ఆ క్షణం మాత్రం కళ్ల ముందుకి రావడం లేదు.

ఖైరతాబాద్‌లో ఇంట్లో ఉన్న రావుగారికి ఫోన్ చేసింది. ఆయన కేకలెయ్యలేదు. అసలుది లేకుండా ఉత్త స్కాన్‌తో రేపు మనం నోరు విప్పినా ఒకటే, విప్పకపోయినా ఒకటే అని పెట్టేశారు. తిట్టినా బాగుండేది అనిపించింది తబితకి.

ఇక మిగిలింది పై గది. పొరపాటున వేరే ఫైల్లో పెట్టిందేమో.

మెట్ల దగ్గర పోచయ్య చేతులు అడ్డం పెట్టాడు. పొద్దుగాల చూద్దువు బిడ్డా, అని బతిమాలాడు.

"పొద్దున్నకి కేసే ఉండదు, తాతా."

అతని చెయ్యి తోసుకుని ఎక్కింది. మలుపు తిరిగేసరికి కరెంటు పోయింది.

గదిలో ఇనుప ర్యాకులు, వాటి మధ్య మనిషి పట్టీపట్టనంత దారి. పాత కాగితాల వాసన, కలరా ఉండల వాసన. ఫోన్ లైటు వేసి మొదటి ర్యాకులో ఫైళ్లు విప్పడం మొదలుపెట్టింది. ఒకటి... రెండు... పది...

అప్పుడు వినిపించింది.

"డెబ్బై ఆరు... డెబ్బై ఎనిమిది... డెబ్బై ఎనిమిది... ఎనభై..."

ఆడగొంతే. గది ఆ చివర నుంచి. ఫోను చేతిలోంచి జారి బోర్లా పడింది. లైటు నేలకి అణిగిపోయింది. గొంతు ఆగలేదు. ఎనభై రెండు దాకా వెళ్లింది... ఒక నిట్టూర్పు... మళ్లీ డెబ్బై ఆరు నుంచి మొదలు.

తబిత ఒళ్లంతా చెమట. ఆ అంకెలు తనకి తెలుసు. సోమవారం తన చేత్తోనే టైపు చేసింది. ఏడుంపావుకి డెబ్బై ఆరు. ఏడూ ఇరవైకి డెబ్బై ఎనిమిది...

అది లహరి నాడి.

ప్రభువా, ప్రభువా, అనుకుంది గొంతులోనే. ఇంకో రాత్రయితే స్పృహ తప్పేదేమో. కానీ ఆ రాత్రి ఆమెకి దెయ్యం కన్నా తెల్లవారడం ఎక్కువ భయంగా ఉంది. ఆ అంకెలు చదువుతున్నవాళ్ల దగ్గరే కాగితం ఉంది. ఎవరైతేనేం.

చీకట్లోకి రెండడుగులు వేసింది.

"లహరీ," అంది గుసగుసగా. "వాయిదా రేపే. ఆ కాగితం ఇచ్చెయ్, తల్లీ..."

గొంతు ఆగింది.

"లహరిని కాదమ్మా," అంది చీకటి. "వాళ్లమ్మని."

చిన్న టార్చి వెలిగింది. ఆఖరి ర్యాకు కింద, గోడకి ఆనుకుని కమలకుమారి కూర్చుని ఉంది. ఒళ్లో కాగితం.

వెనక పోచయ్య కొవ్వొత్తి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. రెండు నెలల సంది ఈమెను నేనే పైకి తోలుతున్న, దెయ్యం ముచ్చట గూడ నేనే పుట్టిచ్చిన, ఎవ్వలన్న వస్తే ఆమె చదువుకోనీకి ఉండదు గద, అని తల దించుకున్నాడు.

ఇంట్లో జిరాక్స్ ఉంది కదా ఆంటీ, అనబోయింది తబిత. కమలకుమారే ముందు చెప్పింది.

"ఆ రాత్రి నన్ను లోపలికి రానివ్వలేదమ్మా. ఈ కాగితం లోపలే ఉంది. దాని పక్కనే."

రేపు కమిషన్‌కి ఇచ్చేస్తే మళ్లీ కంటపడదని తెలిసి, ఫైలు కిందికి దించకముందే ఈ ఒక్క రాత్రికీ తీసుకుందట. తెల్లారేలోగా ఫైల్లో పెట్టేద్దామనే అనుకుందట. చీకట్లో కూడా చదివేంతగా ఆ అంకెలు నోటికి వచ్చేశాయట, కానీ ఎప్పుడూ ఎనభై రెండు దాకే చదువుతుందట. అక్కడిదాకా పిల్ల బాగానే ఉంది.

మర్నాడు కమిషన్ సభ్యులు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆసుపత్రి లాయరు గడువడిగితే ఇవ్వలేదు. తీర్పు లహరి వైపే వచ్చింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రాత్రి మాత్రం కమలకుమారి కాగితం ఇవ్వబోయి ఆగింది. మిగతాది నువ్వు చదివి పెట్టమ్మా, నాకు ఇన్నాళ్లూ నోరు రాలేదు, అంది.

తబిత ఆమె పక్కన చతికిలబడి, టార్చి వెలుగులో చదివింది.

"అరవై నాలుగు... నలభై ఎనిమిది... ముప్పై..."

ఆ తర్వాత గడులు ఖాళీ.

టార్చి ఆరిపోయింది. చల్లటి చెయ్యొకటి తబిత మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఉలిక్కిపడింది కానీ లాక్కోలేదు. ఆ వేళ్లు కాసేపు తడుముకుని, నాడి మీద నిలిచాయి. పెదవులు కదులుతున్న చప్పుడు... ఒక నిమిషం.

"నూట పది," అంది కమలకుమారి, కాగితం తబిత చేతిలో పెడుతూ. "బాగా భయపడ్డావమ్మా."