చెక్క ఉబ్బే వేళ

ఆ సాయంత్రం ఆవిడకి కావలసింది ఒక్కటే, కంటినిండా నిద్ర. ఇళ్ళకి నమూనాలు గీయడం ఆవిడ వృత్తి. అందరి ఇళ్ళూ గీసి గీసి, చివరికి సొంతానికి ఒకటి కట్టుకుంది. అదీ తన కోసం కాదు, కూతురి కోసం. చిట్టికి ఉబ్బసం. ఉక్కపోసే సిమెంటు గదుల్లో ఆ పిల్ల ఈల వేసినట్టు ఊపిరి తీస్తుంటే, పక్కన కూర్చుని వీపు రాస్తూ ఏళ్ళ తరబడి తెల్లవార్లూ మేలుకుంది. ఒళ్ళు హూనమైపోయింది.

అందుకే ఇది పూర్తిగా చెక్క ఇల్లు. బతికున్న చెట్టు ఒక్కటి కూడా కొట్టించలేదు, గాలివానకి కూలిన మానులే తెచ్చి కోయించింది. మనిషెత్తు స్తంభాల మీద ఇంటిని నిలబెట్టి, నేల పలకల మధ్య నాణెం దూరేంత సందులు వదిలింది. కింది చల్లగాలి వాటిలోంచి పైకొచ్చి, గదిలో వేడిని కప్పు దగ్గరి కంతల్లోంచి బయటికి తోస్తుంది. ఏసీతో పని లేదు. వానాకాలంలో చెక్క తేమ తాగి ఉబ్బుతుంది కాబట్టి సందులు వాటంతటవే మూసుకుంటాయి, చలి తగలదు. ఈ ఆఖరి ఉపాయానికి తనని తానే మెచ్చుకుంది కూడా.

"ఇది ఇల్లా, జల్లెడా?" అని ఆటపట్టించి, పాత ఇంట్లో మిగిలిన సామాను తేవడానికి మొగుడు వ్యాను వేసుకుని వెళ్ళాడు.

చీకటి పడుతోంది. చిట్టి చాప మీద నిద్రపోతోంది. ఈల లేదు, ఛాతీ మెత్తగా లేచి దిగుతోంది. ఆవిడకి ఏడుపొచ్చింది. పక్కనే నడుం వాల్చింది.

కాసేపటికి ఈల వినపడింది.

దిగ్గున లేచి పిల్ల నోటి దగ్గర చెవి పెట్టింది. పిల్ల హాయిగానే ఉంది. ఈల నేల కిందినుంచి వస్తోంది. సందుల్లో గాలి కూయడం ఆవిడకి కొత్తేమీ కాదు. అయినా మనసొప్పక, దుప్పటి అంచునుంచి ఒక దారప్పోగు లాగి సందు మీద పట్టుకుంది. గాలి ఎటు పోతోందో చూడ్డానికి పనిలో ఎప్పుడూ చేసేదే. పోగు పైకి లేచింది. అలాగే నిలవాలి... నిలవలేదు. సందులోకి జారింది. మళ్ళీ లేచింది. మళ్ళీ జారింది.

పైకొచ్చే గాలి వెచ్చగా ఉంది. పాచినోటి వాసన.

పోగు లేచినప్పుడల్లా చిట్టి ఛాతీ నిండుతోంది. జారినప్పుడల్లా ఖాళీ అవుతోంది.

పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగింది. కాలు నేలకి తగిలిందో లేదో, చిట్టి గిలగిలలాడిపోయింది. పెదాలు నీలంగా మారాయి. పరుగున పైకి తెచ్చి చాప మీద పడుకోబెట్టగానే ఊపిరి అందింది.

"కిందికి తీసుకెళ్ళకమ్మా," కళ్ళు తెరవకుండానే గొణిగింది చిట్టి. "దానికి ఆయాసమొస్తుంది."

"దేనికి తల్లీ?"

చిట్టి అప్పటికే మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఆవిడ మొగుడికి ఫోన్ చేసింది.

"తొందరగా రండి," గుసగుసగా అంది.

"ఇక్కడ కుండపోత వాన. వ్యాను కదలట్లేదు. అటే వస్తోంది, కిటికీలు మూసుకో."

వాన. ఆ మాట తలకెక్కేలోపే చెక్క కప్పు మీద మొదటి చినుకులు టపటపా పడ్డాయి.

చెక్క అంత తొందరగా ఉబ్బకూడదు... ఉబ్బుతోంది. పలకలు కిర్రుమంటూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కింది ఈల సన్నబడుతోంది. చిట్టి ఛాతీ ఎగిసిపడుతోంది.

వడ్రంగులు వదిలేసిన పెట్టెలోంచి ఉలి తీసుకుని బోర్లా పడుకుంది. సందులు చెక్కడం మొదలుపెట్టింది. ఒకటి తెరిస్తే పక్కది మూసుకుంటోంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. చేతులు లేవడం లేదు. ఇక నా వల్ల కాదు, అనుకుంది. జీవితంలో మొదటిసారి అనుకుంది.

ఉలి ఆపింది.

చెక్కుతున్న చప్పుడు ఆగలేదు.

కిందినుంచి... ఓపిగ్గా... గోళ్ళతో గీకుతున్నట్టు.

ఎవరని అడిగే శక్తి లేదు. ఇన్నేళ్ళలో ఈ కాపలాకి ఒకరు సాయం పట్టడం ఇదే మొదలు. ఎవరైతేనేం అనిపించింది. అలా అనిపించినందుకు భయమేసింది. అయినా కళ్ళు మూతలు పడుతున్నాయి.

సందు వేలు దూరేంత అయింది. తర్వాత చెయ్యి దూరేంత. చిట్టి ఊపిరి మళ్ళీ మెత్తబడింది.

నిద్రలోనే ఆ పిల్ల చాప మీద కాస్త పక్కకి జరిగింది, ఇంకొకరికి చోటిస్తున్నట్టు.